చందమామ రాళ్ళూ – చీమకుర్తి రాళ్ళూ

చందమామలో కుందేలు వుందని మన అమ్మమ్మలు చెప్పగా విన్నాం. శశాంకుడు, శశధరుడు అని కవులు పేర్లు కూడా పెట్టారు. ఆ కుందేలు నిజానికి రాయి. ఎప్పుడో ఉబికి, పరుచుకుని, చల్లారిన లావా రాయి. దాన్ని బసాల్టు అంటారు. కుందేలు చుట్టూ తెల్లగా వెలిగే మిగతా భాగం వేరొక రాయి. దాని పేరు అనార్థొసైటు. ఈ సంగతి ఇప్పుడు ఏ పాఠ్యపుస్తకం తెరిచినా దొరుకుతుంది. అయితే మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్ల దూరాన వున్నది ఫలానా రాయి అని ఎలా చెప్పగలిగారు? 1969–72 మధ్య మనుషులు దిగి రాళ్ళు ఏరుకొచ్చింది ఆరు చోట్ల నుంచి మాత్రమే. మనుషులు లేని నౌకలు మట్టి తెచ్చిన చోట్లు కలుపుకున్నా డజనుకు మించవు. మిగతా చంద్రుణ్ణంతా తాకకుండానే చదివారు. మనిషి కాలు పెట్టని గ్రహశకలాలనూ అలాగే చదువుతున్నారు.

తాకకుండా తెలుసుకునే ఈ విద్యను రిమోట్ సెన్సింగ్ అంటారు. తెలుగులో దూరగ్రహణం అనవచ్చు. ఇది రాకెట్లూ కంప్యూటర్లూ వున్నవారి విద్య, మనకేం అందుతుంది అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. ఈ వ్యాసంలో చెప్పదలచింది దానికి విరుద్ధమైన మాట. దూరపు రాయిని చదవాలంటే ముందు చేతిలోని రాయి తెలియాలి. అలాంటి రాళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులకు బస్సు దూరంలోనూ రైలు దూరంలోనూ వున్నాయి.

రైతు చూపు

కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టినవారికి దూరగ్రహణం కొత్తేమీ కాదు. రేపల్లె దారిలో కాలవగట్టు మీద సైకిలు ఆపిన రైతు చేను వంక ఓసారి చూసి, "ఆ మూల మడికి ఎండాకు తెగులు తగిలినట్టుందిరా" అంటాడు. మడిలోకి దిగలేదు, ఆకు తుంచలేదు. రంగులో తేడా పట్టుకున్నాడు, అంతే. ఆ రంగుకు తెగులు పేరు పెట్టగలగడానికి కారణం మాత్రం, వెనుకటి ఏళ్ళలో మడిలోకి దిగి, ఆకు చేతిలోకి తీసుకుని చూసి వుండడమే.

ఆరోగ్యంగా వున్న ఆకు సూర్యకాంతిలోని ఎరుపునూ నీలాన్నీ మింగి, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. మన కంటికి కనబడని పరారుణ కాంతిని చాలా భాగం వెనక్కి కొట్టేస్తుంది. తెగులు తగిలితే ఈ పద్దు మారిపోతుంది. ఈ సూత్రం మీదే 1970 ప్రాంతంలో ప్రొఫెసర్ పి. ఆర్. పిషరోటి బృందం కేరళలో హెలికాప్టరు ఎక్కి, పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటల ఫోటోలు తీసి, వేరు తెగులు తగిలిన చెట్లను పట్టుకుంది. మన దేశంలో దూరగ్రహణానికి అదే శ్రీకారం అంటారు. ఆ తరువాత 1974లో హైదరాబాదు కేంద్రంగా నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. అదే 2008 నుంచి ఇస్రోలో భాగమై నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అయింది. చేను మీద వాడిన చూపునే పైకి తిప్పితే చంద్రుడి మీది రాయి కూడా చిక్కుతుంది. ఆకులో పత్రహరితం చేసే పనిని రాయిలో మరొక పదార్థం చేస్తుంది.

రాయి కాంతిని మింగే తీరు

ఆ పదార్థం ముఖ్యంగా ఇనుము. రాళ్ళలోని ఖనిజాలు స్ఫటికాలు. అంటే పరమాణువులు గోడకట్టులో ఇటుకల్లాగా ఒక క్రమంలో పేర్చబడి వుంటాయి. ఆ కట్టులో అక్కడక్కడ ఇనుము ఇరుక్కుని వుంటుంది. చుట్టూ వున్న ఆక్సిజన్ పరమాణువులు ఇనుములోని ఎలక్ట్రాన్లను ఒత్తిడికి గురిచేస్తాయి. ఆ ఒత్తిడిని బట్టి ఎలక్ట్రాను ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కడానికి ఇంత శక్తి కావాలని ఏర్పడుతుంది. సరిగ్గా అంత శక్తి వున్న కాంతి వచ్చినప్పుడు ఇనుము దాన్ని మింగేస్తుంది, మిగతాది వదిలేస్తుంది. ఇనుము ఒక్కటే అయినా అది కూర్చున్న గూడు ఖనిజానికీ ఖనిజానికీ తేడా. కాబట్టి మింగే కాంతి కూడా తేడా. ఇందులోనే కిటుకంతా వుంది.

కాంతి తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన కన్ను చూసేది సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకే. ఖనిజాల గుర్తులు ఎక్కువగా దానికి అవతల, 1 మైక్రాను దగ్గరా, 2 మైక్రాన్ల దగ్గరా, 3 మైక్రాన్ల దగ్గరా వున్నాయి. అందుకే కంటికి బదులు వర్ణపటమాపకం అవసరమైంది. రాయి మీద పడి తిరిగివచ్చిన కాంతిని అది రంగురంగుగా విడదీసి, ఏ రంగు ఎంత తిరిగివచ్చిందో గీత గీస్తుంది. కాంతిని మింగినచోట గీతలో గుంట పడుతుంది. గుంట ఎక్కడ పడింది, ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నవే రాయి సంతకం.

ముఖ్యమైన సంతకాలు కొన్ని:

1. పైరాక్సీన్: రెండు గుంటలు. కాల్షియం తక్కువ వున్న రకానికి 0.9 మైక్రాన్ల దగ్గర ఒకటి, 1.9 దగ్గర ఒకటి. కాల్షియం పెరిగినకొద్దీ రెండూ ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతాయి.

2. ఆలివీన్: 1 మైక్రాను దాటిన చోట ఒకే వెడల్పాటి గుంట. 2 దగ్గర ఏమీ వుండదు.

3. ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్: చంద్రుడి తెల్లరాయిలో ముఖ్య ఖనిజం. ఇందులో ఇనుము లేశమాత్రం. 1.25 మైక్రాన్ల దగ్గర చిన్న గుంట.

4. స్పినెల్: 2 దగ్గర గట్టి గుంట వుంటుంది, 1 దగ్గర దాదాపు వుండదు.

5. నీరు, నీటి అంశ వున్న ఖనిజాలు: 2.7 నుంచి 3 మైక్రాన్ల మధ్య. ఇక్కడ మింగేది ఇనుము కాదు. ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట కంపించడం వల్ల ఈ గుంట పడుతుంది.

6. ఇల్మెనైటు: ఇనుమూ టైటానియమూ కలిసిన నల్ల ఖనిజం. తనకంటూ గట్టి గుర్తు లేకపోగా, పక్క ఖనిజాల గుంటలను కూడా మసకబారుస్తుంది.

కనబడని కాంతి వున్నట్టు నమ్మకం ఏమిటని అడిగేవారు ఇంట్లో టీవీ రిమోట్ తీసుకుని, దాని ముందున్న చిన్న దీపాన్ని ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కాలి. కంటికి ఏమీ కనబడదు. చాలా ఫోన్లలో, ముఖ్యంగా ముందువైపు కెమెరాలో, దీపం వెలుగుతూ కనబడుతుంది. ఆ కాంతి సాధారణంగా 0.94 మైక్రాన్ల ప్రాంతానిది. కాల్షియం తక్కువ వున్న పైరాక్సీన్ గుంట పడేది ఇంచుమించు అక్కడే.

మన చుట్టూ వున్న చంద్రశిలలు

ఒంగోలుకు పడమటగా వున్న చీమకుర్తి పేరు తెలియనివారుండరు. అక్కడి రాయిని బ్లాక్ గెలాక్సీ గ్రానైటు అని దేశదేశాలకూ అమ్ముతున్నారు. తెనాలిలో కొత్తగా కట్టిన ఇళ్ళలోనూ వంటగట్టు మీద ఆ రాయి కనబడుతుంది. నల్లటి పలక మీద నక్షత్రాల్లాగా బంగారు చుక్కలు వుంటాయి. వ్యాపారంలో గ్రానైటు అన్నా భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రోనోరైటు. ఆ బంగారు చుక్కలు బ్రాంజైటు, అంటే కాల్షియం తక్కువ వున్న పైరాక్సీన్. మెరుపు వచ్చేది గింజ లోపల ఇమిడివున్న సన్నని పొరల వల్ల. వర్ణపటమాపకం చూసేది మాత్రం ఆ గింజలోని ఇనుమును. చంద్రుడి మీది నోరైటు రాళ్ళలోనూ, వెస్టా అనే గ్రహశకలం మీదా కనబడే ఖనిజం ఈ కుటుంబానిదే. అంటే అమ్మ అన్నం గిన్నె దించే గట్టు మీద వెస్టా బంధువు వుందన్నమాట!

బెజవాడ పక్కన కొండపల్లి అనగానే బొమ్మలు గుర్తుకొస్తాయి. భూగర్భ విద్యార్థికి ఆ కొండలు మరొక కారణంగా గుర్తుండాలి. అక్కడ అనార్థొసైటు, గాబ్రో, పైరాక్సినైటు, క్రోమైటు వేరువేరు పట్టీలుగా వున్నాయి. కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారేటప్పుడు ఖనిజాలు ఒకదాని తరువాత ఒకటి గడ్డకట్టి వేరుపడిన తీరుకు అది సాక్ష్యం. చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా శిలాద్రవ సముద్రంగా వుండేదని, తేలికైన ఫెల్డ్‌స్పార్ పైకి తేలి తెల్లని పైపొర అయిందని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడ ఒక గోళమంతటా జరిగిన వేరుపాటును కొండపల్లిలో చిన్న ఎత్తున చూడవచ్చు.

కుందేలు రాయి కావాలంటే గోదావరికి ఇవతల కొవ్వూరు దగ్గర పంగిడికి వెళ్ళాలి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా పొరలు అక్కడ వున్నాయి. చంద్రుడి బసాల్టులు చాలావరకు మూడు వందల కోట్ల ఏళ్ళకు పైబడినవి. వయస్సులో పోలిక లేదు గాని కులం ఒకటే. తేడా ఏమిటంటే ఇక్కడ గాలీ వానా వున్నాయి. మన బసాల్టు తుప్పు పట్టి, కుళ్ళి నల్లరేగడి అవుతుంది. చంద్రుడిపై వాన లేదు, కాబట్టి రేగడీ లేదు.

ఇక బాపట్ల వారికి సూర్యలంక వుండనే వుంది. అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. అవి బరువైన ఖనిజాల గింజలు. ఎండిన ఇసుకలో అయస్కాంతం తిప్పితే అంటుకునేది ఎక్కువగా మాగ్నటైటు. అంత తేలిగ్గా అంటుకోని నల్లగింజల్లో ఇల్మెనైటు వుంటుంది. 1969లో అపోలో 11 తెచ్చిన బసాల్టులో టైటానియం అంత ఎక్కువగా వుండడానికి కారణం ఈ ఇల్మెనైటే. ఆ నౌక దిగిన ప్రశాంత సాగరం, రంగులు పెంచి తీసిన ఫోటోల్లో నీలి ఛాయతో కనబడుతుంది. పక్కనున్న సాగరాల్లో అంత నీలి ఛాయ వుండదు. కుందేలు ఒంటిమీద కూడా రెండు రంగులున్నాయన్నమాట.

శ్రీహరికోట నుంచి చంద్రుడి దాకా

చేతిలోని రాయికీ ఆకాశంలోని రాయికీ ముడిపెట్టిన మన దేశపు గొప్ప ఉదాహరణ చంద్రయాన్. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లో 11 పరికరాలున్నాయి. వాటిలో ఖనిజాల కోసమే పెట్టిన వర్ణపటమాపకాలు మూడు. ఒకటి మన అహమ్మదాబాదులో తయారైంది. ఒకటి ఐరోపా వారిది. మూడోది అమెరికా వారి మూన్ మినరాలజీ మాపర్. ఈ మూడోది 0.43 నుంచి 3 మైక్రాన్ల వరకు చూడగలిగింది. చంద్రుడి అవతలి ముఖంలో మాస్కో సాగరం దగ్గర అంతకుముందు ఎవరూ గుర్తించని స్పినెల్ రాయిని అదే పట్టుకుంది.

అంతకన్నా పెద్ద వార్త 2009 సెప్టెంబరులో వచ్చింది. ఎముకలా ఎండిపోయిందనుకున్న చంద్రుడి మీద 2.8–3 మైక్రాన్ల మధ్య గుంట కనబడింది. అంటే నీటి అంశ! ఒక్క పరికరం మాటను నమ్మడం శాస్త్రం కాదు. అందుకని పాత కాసిని నౌక 1999లో చంద్రుడి పక్కగా పోతూ తీసిన కొలతల్నీ, డీప్ ఇంపాక్టు నౌక 2009లో తీసిన కొలతల్నీ చూశారు. మూడూ ఒకే మాట చెప్పాయి. మూడు వ్యాసాలూ ఒకేసారి వెలువడ్డాయి. అయినా ఒక చిక్కు మిగిలింది. పగటివేళ చంద్రుడి నేల వేడెక్కి తానే 3 మైక్రాన్ల ప్రాంతంలో పరారుణ కాంతి విడుస్తుంది. ఆ వేడి కాంతిని తీసివేస్తే గాని గుంట అసలు లోతు తెలియదు. అందుకే 2019 జులై 22న బయలుదేరిన చంద్రయాన్-2లోని పరారుణ వర్ణపటమాపకాన్ని 5 మైక్రాన్ల వరకు చూసేలా తయారుచేశారు.

చంద్రయాన్-3 సంగతి మనందరం కళ్ళారా చూశాం. 2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ దిగింది. ప్రజ్ఞాన్ బండి సుమారు 103 మీటర్ల దారిలో 23 చోట్ల ఆగి నేలను పరీక్షించింది. 2024లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, అక్కడి మట్టి చాలావరకు ఒకే తీరున, ఇనుము కలిసిన అనార్థొసైటుకు సరిపోయేదిగా వుంది. శిలాద్రవ సముద్రం అనే ఊహకు ఇది దక్షిణాన దొరికిన బలం. పైనుంచి చదివిన దానికి కింద నేల మీద సాక్ష్యం దొరికింది.

ఆ దిగడాన్ని ముందుగా బెంగుళూరులో పరీక్షించడానికి చంద్రుడి మట్టి కావలసివచ్చింది. తమిళనాడులో నామక్కల్ జిల్లా సీతంపూండి పరిసరాల అనార్థొసైటును పిండికొట్టి ఆ మట్టి తయారుచేశారు. ఆ రాయిలో కాల్షియం పాలు హెచ్చు కనుక చంద్రుడి రాయికి దగ్గర. ఒక పల్లెటూరి గట్టు రాయి చంద్రయాత్రకు పనికివచ్చింది. అలా రావడానికి ముందు ఎవరో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ గట్టెక్కి, సుత్తితో కొట్టి, అది ఏ రాయో రాసిపెట్టి వుండాలి గదా!

వెస్టా కథ

గ్రహశకలాల విషయంలో తొలి విజయం వెస్టాది. దాదాపు 525 కిలోమీటర్ల అడ్డుకొలత వున్న ఈ శకలాన్ని 1970లో మెకార్డ్, ఆడమ్స్, జాన్సన్ అనే ముగ్గురు దూరదర్శినితో చూసి, 0.9 మైక్రాన్ల దగ్గర పైరాక్సీన్ గుంట కనిపెట్టారు. ఆ సంతకం భూమి మీద పడిన ఒక రకం ఉల్కారాళ్ళ సంతకంతో సరిపోయింది. అలా సరిచూడగలిగింది ఎందువల్ల? ఆ ఉల్కలు మ్యూజియం బీరువాల్లో భద్రంగా వున్నందువల్ల, ఎవరో వాటిని ప్రయోగశాలలో కొలిచినందువల్ల. ఆ జాతి ఉల్కల్లో ఒకటి 1994లో మన రాజస్థాన్‌లోని లోహావట్‌లో పడింది.

నలభై ఏళ్ళ తరువాత, 2011లో డాన్ నౌక వెస్టా చుట్టూ తిరిగి ఆ పోలిక సరైనదేనని తేల్చింది. వెస్టా మీద కనబడిన నల్లని మచ్చలు బయటినుంచి వచ్చిపడిన కర్బన ఉల్కల పదార్థమని 2012లో వివరించిన బృందానికి ముందు నడిచినవాడు విష్ణు రెడ్డి. మన దేశంలో పాత్రికేయుడుగా పనిచేసి, ఆ తరువాత ఈ శాస్త్రంలోకి వెళ్ళిన వ్యక్తి. ఏ దారిన వచ్చినా ఈ విద్యలో చోటుందనడానికి అదొక నిదర్శనం.

దూరపు చూపు బోల్తాపడే చోట్లు

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఈ శాస్త్రంలో అక్షరాలా నిజమైంది. బెన్ను అనే చిన్న గ్రహశకలం వేడెక్కి చల్లారే తీరును భూమి నుంచి కొలిచి, అక్కడ సన్నని ఇసుకలాంటి నునుపైన నేల వుంటుందని అంచనా వేశారు. 2018 డిసెంబరులో ఒసైరిస్-రెక్స్ నౌక చేరి చూస్తే అంతా బండరాళ్ళే! ఆ బండలు గుల్లగా వుండడం వల్ల ఇసుకలాగా త్వరగా వేడెక్కి, త్వరగా చల్లారుతున్నాయి. అదే నౌక 2.74 మైక్రాన్ల గుంట చూసి, అక్కడ నీటి అంశ వున్న బంకమట్టి ఖనిజాలున్నాయని చెప్పింది. 2023 సెప్టెంబరు 24న భూమికి చేరిన 121.6 గ్రాముల మట్టిలో ఆ ఖనిజాలు దొరికాయి. అయితే ఉప్పునీరు ఆవిరైపోగా మిగిలే సోడియం లవణాలు కూడా దొరికాయి. ఆ సంగతి చేతికి వచ్చేదాకా పైచూపుకు అందలేదు.

మరొక చిక్కు ఎండదెబ్బ. గాలి లేని లోకాల్లో సూర్యుడి నుంచి వచ్చే కణాలూ, సూక్ష్మ ఉల్కలూ నేలను నిరంతరం కొడుతూ వుంటాయి. గింజల మీద అతి సన్నని ఇనుప పూత ఏర్పడి రాయి నల్లబడుతుంది, ఎర్రబడుతుంది, గుంటలు పూడుకుపోతాయి. దీనివల్ల మన దగ్గర ఎక్కువగా పడే సాధారణ ఉల్కలు ఏ శకలాలవో చాలాకాలం తెగలేదు. ఉల్కల సంతకమూ శకలాల సంతకమూ కలిసేవి కావు. 2010 జూన్ 13న జపాను వారి హయబుసా నౌక ఇటొకావా శకలం నుంచి ధూళి రేణువులు తెచ్చాక ఆ తగవు తీరింది. రాయి అదే, పైన పూత వేరు.

ఈ ఉదాహరణలన్నిటి సారం ఒకటే. దూరపు చూపు ప్రశ్న వేస్తుంది, ఊహ చెబుతుంది. దాన్ని సరిచూసేది చేతిలోని రాయి.

మనం చేయదగిన పని

విద్యార్థి మిత్రులారా! చంద్రయాన్ ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టడం మంచిదే. కాని రాళ్ళ పెట్టె ముందు నిలబడి, ఏది పైరాక్సీనో ఏది హార్న్‌బ్లెండో తేల్చుకునే ప్రాక్టికల్ క్లాసును మార్కుల కోసం మొక్కుబడిగా దాటవేస్తే ఆ చప్పట్లకు విలువ తక్కువ. వర్ణపటాన్ని యంత్రం గీస్తుంది. గుంట ఎక్కడుందో కంప్యూటరు చెబుతుంది. అది నిజంగా ఫలానా ఖనిజమా, లేక రెండు ఖనిజాలు కలిసి చేసిన మాయా అన్నది రాయి ఎరిగిన మనిషే తేల్చాలి.

అందుకు ముందుగా చేయదగినది ఖర్చులేని పని. చీమకుర్తి పలక ముక్క, కొండపల్లి అనార్థొసైటు, పంగిడి బసాల్టు, సూర్యలంక నల్లిసుక, పోల్చడానికి మన పొలంలోని రేగడి మట్టి – ఈ అయిదూ ఒక బల్ల మీద పెట్టి, ఎక్కడిది, ఎప్పుడు తెచ్చారు, ఎవరు తెచ్చారు అని చీటీలు అంటించాలి. కోత మిల్లుల దగ్గర చెత్తగా పారేసే ముక్కలు అడిగితే దొరుకుతాయి. గుట్టలు కరిగిపోతున్న కాలంలో చోటు రాసిపెట్టిన ఒక్కొక్క ముక్కా రేపు దస్తావేజు అవుతుంది.

రెండో పని చదువు. చంద్రయాన్ కొలతలను ఇస్రో వారు ప్రదాన్ అనే పేరుతో ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో వుంచారు. అమెరికా నౌకల కొలతలూ, ప్రయోగశాలల్లో తీసిన వేలాది ఖనిజాల వర్ణపటాలూ ఉచితంగానే దొరుకుతాయి. ఒక వైపు బ్రాంజైటు గీత, మరొక వైపు చంద్రుడి మీద ఒక గోతి గీత పెట్టుకుని పోల్చడానికి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం విద్యార్థులు ముగ్గురు కూర్చుంటే చాలు. ఒకరికి తెలియనిది మరొకరికి తెలుస్తుంది. లెక్చరర్లు కాస్త చేయిస్తే వేసవి సెలవుల్లో మంచి ప్రాజెక్టు అవుతుంది.

కాలవగట్టు మీద రైతు ఒక్క చూపుతో తెగులు పేరు చెప్పగలిగాడంటే, అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆ మడిలో మోకాలి లోతున దిగి వున్నాడు. చందమామను చదవబోయేవాళ్ళం మనం కూడా ముందు మన గుట్టలెక్కాలి. వచ్చే ఏటి సంచికలో, ఆ అయిదు రాళ్ళ బల్ల మన కళాశాలలో ఎక్కడ వుందో, దాని మీద ఎవరు ఏం కనిపెట్టారో మరొకరు రాస్తారని ఆశిద్దాం.